చిలక చేప తోక ముక్క కోసం మూడు తీరాలు తిరిగాను

నీలి చారల చిలక చేప తమిళనాడులో రామేశ్వరం పక్కనున్న మండపం అనే ఊరి దగ్గర దొరుకుతుంది, అండమాన్‌లో దొరుకుతుంది, లక్షద్వీప్‌లోనూ దొరుకుతుంది. ఈ మూడు చోట్ల చేపలూ ఇప్పటికీ కలిసిమెలిసి ఉన్న ఒకే వంశమా, లేక ఎప్పుడో విడిపోయిన దాయాదులా అన్నది నా పరిశోధన. తేల్చాలంటే మూడు చోట్ల నుంచీ డీఎన్ఏ కావాలి, దానికి మూడు చోట్లా పర్మిషన్ కావాలి. పదకొండు నెలలు పట్టింది. అందులో సముద్రం మీద ఉన్నది పట్టుమని ఇరవై రోజులు కూడా లేదు. తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తుందని, ఎక్కడ ఏది బాగుందో, ఏది ఇబ్బంది పెట్టిందో రాస్తున్నాను.

మొదట మండపం వెళ్లాను. రైలు నేరుగా ఉంది, ఖర్చు తక్కువ. రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 దీవులను కలిపి 1986లో మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. అనుమతి ఇచ్చేది చెన్నైలోని ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి. అయినా కాగితం పంపేముందు రామనాథపురంలోని పార్కు ఆఫీసుకు వెళ్లి మాట్లాడటం మంచిదని మా పీహెచ్‌డీ గైడ్ చెప్పారు. ఆ మాట విన్నందుకు నాకు కనీసం నాలుగు నెలలు కలిసొచ్చాయి.

నా దరఖాస్తులో ‘ఒక్కో చోట 50 చేపలు’ అని రాసుకున్నాను. చేప మొత్తం తీసుకుని వయసు, పొట్టలో తిండి, డీఎన్ఏ అన్నీ చూడాలని ఆశ. అక్కడి అధికారి కాగితం రెండుసార్లు చదివి, “మీ ప్రశ్న బంధుత్వం గురించి కదా సార్, దానికి తోక ముక్క చాలదా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. చాలు. తోక రెక్కలోంచి తీసిన గోరంత ముక్కలో కావలసినంత డీఎన్ఏ ఉంటుంది, ఆ రెక్క మళ్లీ పెరుగుతుంది. నేను ఎనిమిదేళ్లుగా చేపల మీద పని చేస్తున్నాను. చంపడం అవసరమా అని నన్ను సూటిగా అడిగిన మొదటి మనిషి ఆయనే. ఆ రాత్రి లాడ్జిలో కూర్చుని దరఖాస్తు మొత్తం తిరగరాశాను. 50 కాస్తా 30 అయింది, మొత్తం చేప కాస్తా రెక్క ముక్క అయింది.

చట్టం సంగతి కూడా ఆయనే ఓపిగ్గా చెప్పారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పార్కు లోపలికి వెళ్లి చూడటం ఒక సంగతి, లోపలి నుంచి తీయడం పూర్తిగా వేరే సంగతి. చూసి లెక్కపెట్టుకోవడానికి 28వ సెక్షన్ కింద పరిశోధకులకు దారి ఉంది. జాతీయ పార్కులోంచి ఒక ప్రాణిని బయటికి తీయాలంటే మాత్రం 35వ సెక్షన్ అడ్డొస్తుంది. అది అక్కడి వన్యప్రాణుల మేలుకే అవసరమని ప్రభుత్వం నమ్మాలి. పీహెచ్‌డీ కోసం అంటే సరిపోదు. కాబట్టి పార్కు లోపల చూపుతోనే సర్వే చేసి, నమూనాలు పార్కు హద్దు బయట, జాలర్లు పట్టుకొచ్చిన చేపల నుంచే తీసుకోవాలని అనుకున్నాను. ఇలాంటి పని మీద వెళ్లే ప్రతి విద్యార్థికీ ఈ తేడా ముందే తెలిసుండాలి. తెలియక రాసిన దరఖాస్తులే ఎక్కువ తిరిగొస్తాయి.

బసకు రామేశ్వరం వద్దు. యాత్రికుల రద్దీకి గది దొరకదు, దొరికినా తెల్లవారుజామునుంచే హడావుడి. మండపంలోనే ఉండండి. అక్కడికి ఉత్తరాన పాక్ బే, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. ఒకవైపు సముద్రం రేగితే తరచుగా రెండోవైపు నెమ్మదిగా ఉంటుంది, జాలర్లు కూడా అలాగే వైపు మార్చుకుంటారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947లో మొదలయ్యాక 1971లో కొచ్చికి మారేవరకు దాని ముఖ్య కార్యాలయం ఈ ఊళ్లోనే ఉండేది. ఇప్పుడు ప్రాంతీయ కేంద్రం ఉంది. అక్కడి లైబ్రరీలో పాత నివేదికల మధ్య గడిపిన రెండు మధ్యాహ్నాలు నాకు బాగా గుర్తుండిపోయాయి. నీళ్లు మాత్రం మడ్డిగా ఉన్నాయి. దూరం నుంచి చేపను గుర్తుపట్టి లెక్కపెట్టే పనికి మూడింటిలో ఇదే కష్టమైన చోటు.

అండమాన్ సంగతి వేరు. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మారింది గానీ నేను మాట్లాడిన వాళ్లంతా పాత పేరే అంటున్నారు. విశాఖపట్నం నుంచి ఓడ ఉంది గానీ సముద్రం మీద రెండు రోజులు దాటుతుంది, పైగా తరచుగా ఉండదు. ఆఫీసు పనికి తేదీలు ముఖ్యం కాబట్టి విమానంలోనే వెళ్లాను. అటవీ శాఖ ముఖ్య కార్యాలయం హడ్డోలో ఉంది. భారత జంతు సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఊళ్లోనే ఉంది. జాతి గుర్తింపులో అనుమానం వస్తే అడగడానికి మనుషులు దగ్గర్లో ఉండటం ఎంత ధైర్యమో!

మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కుకు బోట్లు వండూర్ నుంచి వెళ్తాయి. అక్కడ పరిశోధకులకు బాగా తెలిసిన క్షేత్ర కేంద్రం ఏనెట్‌లో బస చేశాను. హోటల్ సుఖాలు ఆశించకండి. కానీ పక్క మంచం మీద తాబేళ్ల మీదో పాముల మీదో పనిచేసే మనిషి ఉంటాడు, ఏ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారో రాత్రి భోజనం దగ్గరే తెలిసిపోతుంది. ముందుగా రాసి చోటు ఖాయం చేసుకోవాలి. ఒక జాగ్రత్త: వండూర్ తీరంలో ఉప్పునీటి మొసళ్లు తిరుగుతాయి. హెచ్చరిక బోర్డులు అలంకారానికి పెట్టినవి కావు, సాయంత్రం ఒంటరిగా నీళ్లలోకి దిగొద్దు.

నమూనాలకు పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవుకు వెళ్లాను. అక్కడి జాలర్లలో చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. నేను హిందీలో మొదలుపెడితే ఒక పెద్దాయన నా యాస పట్టేసి, “ఏటి బాబూ, మనోడివేనా? సేపతో ఏటి పని నీకు?” అన్నారు. రెక్క చివర చిన్న ముక్క కత్తిరించుకుని చేపను తిరిగి ఇచ్చేస్తానని, అమ్మకానికి ఏమీ తేడా రాదని చెప్పాను. ఆయన తన చేత్తోనే మొదటి చేపను పట్టుకుని చూపించారు. ఎక్కడ పట్టారో, ఎంత లోతులో పట్టారో కూడా ఆయనే చెప్పారు. ఆ వివరం ఏ లాగ్‌బుక్‌లోనూ దొరకదు. ఎనిమిది ఉదయాల్లో 30 పూర్తయ్యాయి, నా కోసం ఒక్క చేప కూడా చావలేదు.

లక్షద్వీప్‌కు రెండు అనుమతులు కావాలి. ఆ దీవుల్లో అడుగుపెట్టడానికి ఒక పర్మిట్, పరిశోధనకు మరొకటి. పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తేవాలి, కొచ్చిలోని విల్లింగ్డన్ ఐలాండ్‌లో ఉన్న పాలనా కార్యాలయం చుట్టూ తిరగాలి, ఓడ టికెట్ తేదీ ఈ రెంటికీ కుదరాలి. నాకు అసలైన టెన్షన్ పెట్టింది మాత్రం ఆల్కహాల్. రెక్క ముక్కలను మేం మామూలుగా 95 శాతం ఇథనాల్‌లో వేస్తాం. నేను వెళ్లాల్సిన కవరత్తి దీవిలో మద్యనిషేధం ఉంది, పైగా ఇథనాల్ మంటలంటుకునే సరుకు. సీసాలు పట్టుకుని ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే డీఎంఎస్ఓ, ఈడీటీఏ అనే రసాయనాలు కలిపి ఉప్పు ఇక కరగనంత వేసిన ద్రావణం ల్యాబ్‌లోనే తయారు చేసుకున్నాను. ఫ్రిజ్ అక్కర్లేదు, మంట భయం లేదు, డీఎన్ఏ చక్కగా నిలిచింది. ఇప్పుడు మూడు చోట్లకూ అదే తీసుకెళ్లమని చెబుతాను.

కవరత్తి మడుగులో నీళ్లు అద్దంలా ఉంటాయి. అక్కడ పగడాలు 1998, 2010, 2016 వేడిమికి పదేపదే తెల్లబడి దెబ్బతిన్నాయి. చచ్చిన పగడం మీద పాచి పేరుకోకుండా గీకి తినేది చిలక చేపే. ఆ గీకిన చోటే కొత్త పగడం పిల్ల అంటుకుంటుంది. అలాంటి చోట చేపను తీసుకెళ్తానని అడిగే ముందు సిగ్గుపడాలని నాకు అక్కడే అనిపించింది. రాత్రిపూట చిలక చేపలు పగడాల సందుల్లో నిద్రపోతాయి. స్థానిక జాలరి ఒకాయనతో వెళ్లి చేతి వలతో పట్టి, ముక్క తీసి, అక్కడే వదిలేశాం. లంగరు ఇసుకలోనే వేయాలని ఆయనే పట్టుబట్టారు. పగడాలు వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితా, షెడ్యూల్ 1లో ఉన్నాయని ఆయన నాకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పారు. బస ప్రభుత్వ అతిథి గృహంలో. శుభ్రంగా ఉంది, ఇంటర్నెట్ మాత్రం ఆశించకండి.

ఒక బాధ కూడా చెప్పాలి. ఈ ప్రయాణంలో ఒక కార్యాలయంలో నా ఫైలు ఐదు వారాలు కదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. చివరికి తేలిందేమిటంటే మ్యాపు మీద అక్షాంశ రేఖాంశాలు లేవు. ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే ఒక సీజన్ పోయేది కాదు. వేసవిలో తూర్పు తీరానికి 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో నాకు మండపం ఒడ్డున ఒక్క చిలక చేప కూడా కనపడలేదు.

విదేశీ ల్యాబ్‌తో కలిసి చేసేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థను అడగకుండా ముక్క కూడా బయటికి పంపొద్దు. నేను సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏ వరుసను చదివే పని, ఇక్కడే చేయించుకున్నాను.

మొదటిసారి వెళ్లే విద్యార్థి అయితే అండమాన్ అంటాను. అడగడానికి మనుషులున్నారు, ఒడ్డున మన భాష ఉంది. డబ్బు తక్కువైతే మండపం, కానీ వేట నిషేధం చూసుకుని వెళ్లండి. లక్షద్వీప్‌కు మాత్రం అనుకున్నదానికి రెట్టింపు సమయం పెట్టుకోండి.

మండపంలో ఇప్పటికి 11 ముక్కలే వచ్చాయి. మిగతా 19 కోసం మళ్లీ వెళ్తున్నాను. లక్షద్వీప్, అండమాన్ ఫలితాలు పక్కపక్కన పెట్టిన మొదటి పటం రామనాథపురంలో ఆ అధికారికి ఇవ్వడానికి ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్నాను.