మేకులవాళ్ల నాటకం వెతుక్కుంటూ యార్క్ దాకా

ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకి ఇంగ్లిష్ చెబుతున్నాను. షేక్‌స్పియర్‌కి ముందు నాటకం ఎలా ఉండేదో, అంటే వృత్తి సంఘాలవాళ్లు బళ్ల మీద ఆడిన బైబిల్ కథల నాటకాల గురించి, మా సిలబస్‌లో ఒక్క పేరా. పరీక్షలో రెండు మార్కులకి వస్తుంది. నోట్స్ చెప్పి ముందుకెళ్లిపోవడమే తప్ప నేనూ ఎప్పుడూ అక్కడ ఆగలేదు. కిందటి వేసవిలో ఇంగ్లండ్‌లో, రెడింగ్ అనే ఊళ్లో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్లినప్పుడు, "షేక్‌స్పియర్ ఇల్లు వద్దురా, ఆ రెండు మార్కుల పేరా ఎక్కడుందో చూపించు" అన్నాను. వాడు అప్పటికే షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లడానికి సెలవు పెట్టేశాడట. కాసేపు మొహం మాడ్చుకుని, సరే అన్నాడు.

మొదట యార్క్. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి రైల్లో సుమారు రెండు గంటలు. ముందే తీసుకునే అడ్వాన్స్ టికెట్ బాగా చవక, కానీ ఆ రైలు తప్పితే టికెట్ పనికిరాదు. మేము దిగేసరికి రాత్రయింది, వాన. బస కోటగోడ బయట ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో. తలుపుకి నంబర్ల తాళం, వాళ్లు పంపిన నంబరు పనిచేయలేదు, ఫోన్ ఎవరూ ఎత్తరు. ఇరవై నిమిషాలు తడిశాక పై కిటికీలోంచి ఇంకో అతిథి చూసి తలుపు తీశాడు. గది మూడో అంతస్తులో, మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. పొద్దున మాత్రం ఇంటావిడ మేము మాంసం తినమనగానే పుట్టగొడుగులు, టమాటాలు, బీన్స్ వేడివేడిగా చేసి పెట్టింది. సగం కోపం అక్కడే పోయింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది ముందే అడిగి పెట్టుకోండి.

యార్క్‌లో ఈ నాటకాల ప్రస్తావన 1376 నుంచీ కనిపిస్తుంది. కార్పస్ క్రిస్టీ అనే క్రైస్తవ పండగ రోజున, సృష్టి మొదలు తీర్పు దినం దాకా, 48 చిన్న నాటకాలు ఒకదాని వెనక ఒకటి. ఒక్కో నాటకం ఒక్కో వృత్తి సంఘానిది. నోవహు ఓడ కట్టే ఘట్టం ఓడలు కట్టేవాళ్లది, యేసు శిష్యులతో చేసిన కడరా భోజనం రొట్టెలు కాల్చేవాళ్లది. ప్రతి సంఘానికీ సొంత బండి. తెల్లవారుజామున నాలుగున్నరకే నటులు తయారుగా ఉండాలని 1415లో ఊరంతా చాటించారు. ఊళ్లో పన్నెండు చోట్ల బండి ఆగాలి, ఆగిన ప్రతిచోటా నాటకం మొదటి నుంచి ఆడాలి. మన రథం వీధి వీధికీ ఆగి హారతి తీసుకున్నట్టే, కాకపోతే ఇక్కడ రథాలు దాదాపు యాభై.

ఆ దారి ఇప్పటికీ నడవచ్చు, పైసా ఖర్చు లేదు. మికిల్‌గేట్‌లో మొదలుపెట్టి, ఊజ్ వంతెన దాటి, కోనీ స్ట్రీట్, స్టోన్‌గేట్ మీదుగా పెద్ద చర్చి ముందుకొచ్చి, పీటర్‌గేట్‌లో దిగి, పేవ్‌మెంట్ అనే చోటికి చేరాలి. స్టోన్‌గేట్‌లో కొన్నిచోట్ల మిద్దెలు వీధి మీదికి ముందుకొచ్చి ఉంటాయి. అంత పెద్ద బండి ఇక్కడెలా తిరిగిందా అని మా వాడు చేతులు చాపి కొలిచాడు.

పేవ్‌మెంట్‌లో ఒక బల్ల మీద కూర్చుని సిలువ వేసే ఘట్టం మా తమ్ముడి చేత ఫోన్‌లో చదివించాను. ఇది పిన్నర్స్ అనే సంఘానిది, అంటే సూదులూ మేకులూ చేసేవాళ్లు. నలుగురు సైనికులు సిలువ మీద మేకులు కొడుతుంటారు. తీరా చూస్తే కన్నాలు దూరంగా పడ్డాయి, చెయ్యి అందదు. తాళ్లు కట్టి లాగుతారు. కొలత ఎవడు తప్పు పెట్టాడని గొడవ. ఎత్తేటప్పుడు ఒకడికి భుజం పట్టేస్తుంది, బరువని మూలుగుతాడు. సిలువ మీదున్న మనిషి గురించి ఒక్కడూ ఆలోచించడు. మా తమ్ముడు నవ్వుతూ మొదలుపెట్టి, "అక్కా, ఇది మా సోమవారం మీటింగే" అని, ఆ తర్వాత నవ్వడం మానేశాడు. మేకులు అమ్ముకునేవాళ్లే మేకు కొట్టే నాటకం వేశారన్న సంగతి ఇన్నేళ్లూ నా నోట్స్‌లో లేదు.

అక్కడికి దగ్గర్లోనే మర్చంట్ అడ్వెంచరర్స్ హాల్. 1357లో కట్టడం మొదలుపెట్టిన చెక్క కట్టడం. తీర్పు దినం నాటకం వేసిన వర్తకులది ఇదే. టికెట్ కొనాలి, కానీ ఆ డబ్బు పెట్టచ్చు. వాళ్ల సామాన్ల జాబితా 1433 నాటిది ఒకటి దొరికింది. దాని నకలు నాతో ఉంటే ఆ దూలాల కింద నిలబడి చదువుకున్నాను. నాలుగు చక్రాల బండి, నరకం నోరు (నరకద్వారంగా పెట్టే పెద్ద నోటి బొమ్మ), దేవుడికి గాయాలున్న చొక్కా, బంగారు పూత ముసుగు, ముగ్గురు దయ్యాలకి ఆరు మొహాలు. స్వర్గంలో పరుగెత్తడానికి ఎర్ర రంగు వేసిన తొమ్మిది చిన్న దేవదూతలు, వాటిని పరుగెత్తించడానికి ఒక పొడవాటి తాడు. ఆ తాడు నాకు భలే నచ్చింది. మా సురభి వాళ్లు చూస్తే వెంటనే గుర్తుపడతారు.

1569 తర్వాత కొత్త ప్రొటెస్టెంట్ మతం గాలికి ఈ నాటకాలు ఆగిపోయాయి. మళ్లీ మొదలైంది 1951లో. బళ్ల మీద నాలుగేళ్లకోసారి ఆడతారు, మేము వెళ్లింది ఆ ఏడాది కాదు.

లండన్‌లో ఈస్ట్ హామ్‌లో మా వాడి స్నేహితుడింట్లో దిగాం. ఇడ్లీ సాంబారుకి లోటు లేదు. డిస్ట్రిక్ట్ లైన్‌లో వెస్ట్ హామ్, అక్కడ జూబ్లీ లైన్ పట్టుకుంటే నేరుగా లండన్ బ్రిడ్జ్. జనమంతా షేక్‌స్పియర్ పేరున్న గ్లోబ్ థియేటర్ వైపు వెళుతుంటే మేము పక్క వీధిలో రోజ్‌కి వెళ్లాం. 1587లో హెన్‌స్లో అనే వ్యాపారి కట్టించిన థియేటర్ ఇది. షేక్‌స్పియర్ కాలపు నాటక రచయిత మార్లో నాటకాలు ఆడింది ఇక్కడే. 1989లో ఆఫీసు భవనానికి పునాది తవ్వుతుంటే బయటపడింది. దాన్ని పూడ్చేయొద్దని నటులు రోడ్డెక్కితే, భవనం ఎత్తి కట్టి కింద దీన్ని ఉంచారు. ఎప్పుడు పడితే అప్పుడు తెరవరు, తెరిచే రోజు చూసుకుని వెళ్లాలి. లోపల చీకటి, చలి. మట్టి ఎండి బీటలు వారకుండా నీళ్లు నింపి పెట్టారు, గోడలున్న చోట ఎర్ర దీపాల గీత. చూడ్డానికి అంతే. తవ్వినప్పుడు ఆ నేలలో హేజెల్ అనే గింజకాయల పెంకులు దొరికాయి. రోజ్‌లో ఆడిన నాటక కంపెనీ సామాన్ల జాబితాలోనూ (1598) ఒక నరకం నోరుంది, దాంతోపాటు కనిపించకుండా తిరగడానికి ఒక అంగీ! "ఇప్పుడెక్కడుందక్కా అది?" అన్నాడు మా వాడు. కనిపిస్తే కదా చెప్పడానికి.

ఐదు నిమిషాలు నడిస్తే సదర్క్ కెతీడ్రల్. బయట బరో మార్కెట్‌లో తోసుకోవాలి, లోపల ప్రశాంతం. గానబృందం కూర్చునే చోట నేల మీద ఫ్లెచర్, మాసింజర్ అనే నాటక రచయితల పేర్లున్న రాళ్లున్నాయి. షేక్‌స్పియర్ తర్వాత ఆయన నాటక కంపెనీకి నాటకాలు రాసింది ఫ్లెచరే, 1625లో ప్లేగుతో పోయాడు. వచ్చినవాళ్లంతా షేక్‌స్పియర్ విగ్రహం దగ్గర ఫొటో దిగి, ఈ రాళ్లు తొక్కుకుంటూ పోతున్నారు.

గ్లోబ్ ఆవరణలోనే కొవ్వొత్తుల వెలుగులో ఆడే సామ్ వానమేకర్ ప్లేహౌస్ ఉంది. 2014లో వెబ్‌స్టర్ రాసిన "డచెస్ ఆఫ్ మాల్ఫీ"తో తెరిచారు. మేమున్న రోజుల్లో ఆట లేదు. పాతకాలం బల్లలు, నడుము నొప్పివాళ్లు ఆలోచించుకోండి.

మార్లో కోసమే కాంటర్‌బరీ వెళ్లకండి. ఆయనకి 1564లో బాప్తిస్మం ఇచ్చిన చర్చి 1942 బాంబుల్లో పోయి గోపురం ఒక్కటే మిగిలింది, చుట్టూ షాపులు. పెద్ద కెతీడ్రల్ కోసమైతే తప్పక వెళ్లండి. మార్లో కోసమే అయితే డెట్‌ఫర్డ్ నయం, లండన్ బ్రిడ్జ్ నుంచి రైల్లో పది నిమిషాల లోపే. సెయింట్ నికొలస్ చర్చి గేటు స్తంభాల మీద రాతి పుర్రెలు, కింద అడ్డంగా ఎముకలు. ఆ ఆవరణలోనే ఎక్కడో, గుర్తు లేని గోతిలో, 1593 జూన్ 1న ఇరవై తొమ్మిదేళ్ల మనిషిని పాతిపెట్టారు. గోడకి ఒక ఫలకం ఉంది. మేము వెళ్లేసరికి దాని పక్కన ఎవరో గడ్డి కోస్తున్నారు, మిషన్ ఆపి మాకు దారిచ్చారు.

తిరుగు రైల్లో మా తమ్ముడు యార్క్ బళ్లు మళ్లీ ఏ ఏడాది తిరుగుతాయో వెతికి క్యాలెండర్‌లో పెట్టాడు. బస నేనే చూస్తానన్నాను.