ఎండాకాలం గాలానికి ఏ ఒడ్డు మేలు: డిండి, వైజాగ్ కాలనీ, సోమశిల

వేసవిలో కృష్ణా వెనుక జలాలకు గాలంతో వెళ్లేవారు గది అద్దెకన్నా ముందు నీటిమట్టం చూసుకోవాలి. నాగార్జునసాగర్ నిండితే సముద్రమట్టం నుంచి 590 అడుగులు. కరువు ఏడాది మే నెలలో 510 దాకా దిగుతుంది. అప్పుడు నీళ్ల అంచు చేరాలంటే బురద, రాళ్లు దాటుతూ చాలా దూరం నడవాలి. పత్రికల్లో వచ్చే నీటిమట్టం అంకె చూసుకుని బయలుదేరితే ఆ అవస్థ తప్పుతుంది.

డిండి శ్రీశైలం రహదారి మీదే ఉంది, చేరడం తేలిక. అయితే వాగు నీటితో నిండే జలాశయం కనుక ఎండలు ముదిరితే పలచబడుతుంది. పిల్లలతో ఒక పూట ఆగడానికి చాలు, గాలం కోసమే అయితే ముందుకు సాగండి.

నా ఓటు వైజాగ్ కాలనీకే. దేవరకొండ దాటాక నేరెడుగొమ్ము వైపు వెళ్లాలి. సాగర్ వెనుక జలాల ఒడ్డున, విశాఖ ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల ఊరు అది. నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేప లోతుకు దిగుతుంది. అందుకే తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాక కూర్చోవాలి. బొచ్చె చేప పైనీటిలో మేస్తుంది. తవుడు, పల్లి చెక్క కలిపిన మెత్తని ముద్దను బెండుకు కాస్త కిందే ఉంచాలి. రోహుకు నడిమి నీటిలో, మృగాల చేపకు అడుగున వేయాలి. ఎండకు పిండి త్వరగా పులుస్తుంది, తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. జెల్లకు వానపాము మంచి ఎర, కానీ ఒడ్డు పక్కన వేస్తే జిలేబీ చేపలే ముందు కొరికేస్తాయి. మిట్టమధ్యాహ్నం ఆశ పెట్టుకోదగ్గది కొర్రమట్ట (కొర్రమీను) ఒక్కటే. గాలి పీల్చడానికి అది పైకి వస్తుంది, నాచు పక్కన బుడగలు కనిపిస్తే అక్కడ చిన్న చేపను ఎరగా వేయండి.

వలలున్న చోట గాలం వేయకండి, అది వాళ్ల బతుకుతెరువు. ఎక్కడ కూర్చోవచ్చో అడిగితే వాళ్లే చూపిస్తారు. తొలకరికి గుడ్లు పెట్టే చేపలు మే నాటికే నిండు పొట్టతో ఉంటాయి, వాటిని తిరిగి నీళ్లలో వదలడం మన బాధ్యత.

ఇక్కడ భోజనం గొప్పది. చేప తూకం వేయించి ఇస్తే అక్కడే పులుసు పెట్టి, వేపుడు చేసిస్తారు. బస మాత్రం నిరాశే. ముందే డబ్బు కట్టించుకున్న ఒక చోట రాత్రంతా కరెంటు లేదు, జనరేటరూ లేదు. అడిగినా పైసా తిరిగి ఇవ్వలేదు. దేవరకొండలో పడుకుని చీకటితోనే బయలుదేరడం మంచిది.

కుటుంబంతో ఉండాలంటే శ్రీశైలం వెనుక జలాల ఒడ్డునున్న సోమశిల. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే. పర్యాటక శాఖ కాటేజీల నుంచి నది ఎదురుగా కనిపిస్తుంది. శ్రీశైలం నీరు బాగా తగ్గిన వేసవిలో అవతలి ఒడ్డున సంగమేశ్వరాలయం బయటపడుతుంది, ఆ దర్శనం కోసమైనా వెళ్లాలి. రేవు దగ్గర పడవల మోతకు చేప నిలవదు, కాస్త ఎగువకు నడవండి. దిగువన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, అనుమతి లేకుండా ఆ ఒడ్డు తొక్కకూడదు. కృష్ణలో మొసళ్లున్నాయి కాబట్టి సందె వేళ మోకాలి లోతుకైనా దిగవద్దు. జూన్ దాటాక ఎగువనున్న జూరాల ప్రాజెక్టు గేట్లు ఎత్తారన్న వార్త వింటే వెంటనే సామాను సర్దుకుని గట్టెక్కాలి, ఆ వరద నేరుగా ఇక్కడికే వస్తుంది.