హ్యూస్టన్ కొత్త సీజన్‌కి ముందు కెన్‌పామ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ప్రతి అక్టోబరులోనూ మా వాట్సాప్ గ్రూపులో మొదలయ్యే చర్చ ఒకటే: ఈసారి మనవాళ్లు ఎంతదాకా వెళ్తారు? మనవాళ్లంటే యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ కూగర్స్. గ్రూపులో ఎక్కువమందిమి ఇక్కడ ఎమ్మెస్ చేయడానికి వచ్చి, చదువయ్యాక షుగర్‌ల్యాండ్, కేటీ వైపు స్థిరపడ్డవాళ్లం. స్టూడెంట్లుగా ఉన్నప్పుడు పట్టుకున్న ఈ బాస్కెట్‌బాల్ పిచ్చి ఉద్యోగాలు, పిల్లలు వచ్చాక కూడా వదల్లేదు. ఆ చర్చలో నేను తెరిచేది కెన్‌పామ్, కాలేజీ బాస్కెట్‌బాల్ టీములకు అంకెల లెక్కతో ర్యాంకులిచ్చే సైట్. చాలా సీజన్లుగా చందా కట్టి వాడుతున్నాను. సీజన్ మొదలవకముందే ఒక టీమ్‌ని అంచనా వేయడానికి అది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో 2025-26 హ్యూస్టన్ టీమ్‌ని ముందు పెట్టుకుని చెప్తాను. ఇది 2025 అక్టోబరులో రాస్తున్నది.

డబ్బు పెట్టదగ్గదే. ఏడాదికి సుమారు 25 డాలర్లు. అయితే ర్యాంకు కోసం కట్టొద్దు, ర్యాంకుల పట్టిక మొదటి పేజీలో అందరికీ ఉచితంగానే కనిపిస్తుంది. చందా విలువ ఉన్నది ఒక్కో టీమ్ పేజీలో.

తెలియనివాళ్ల కోసం కొంచెం వివరం. దీన్ని నడిపే కెన్ పామెరాయ్ వాతావరణ శాస్త్రవేత్తగా పనిచేసినవాడు. ఆ అలవాటు సైట్ అంతటా కనిపిస్తుంది. ఫలానా టీమ్ గెలుస్తుంది అనడు, గెలిచే అవకాశం ఎంత శాతమో చెప్తాడు. లెక్క మొత్తం పొసెషన్ల మీద నడుస్తుంది. బంతి చేతికొచ్చిన ప్రతి వంద సార్లకు ఒక టీమ్ ఎన్ని పాయింట్లు చేస్తుంది, ఎన్ని ఇస్తుంది అని చూసి, ప్రత్యర్థి బలాన్ని బట్టి ఆ అంకెను సరిచేస్తాడు. క్రికెట్‌లో స్కోరు ఎంత అని కాకుండా రన్ రేట్ ఎంత, అదీ ఏ బౌలింగ్ మీద అని అడిగినట్టు. ఈ రెండు అంకెల తేడాయే నెట్ రేటింగ్. ర్యాంకు దాన్నిబట్టే వస్తుంది.

కొత్తగా చేరినవాళ్లు మొదట చూసేది ర్యాంకు. నేను మాత్రం అఫెన్స్ అంకె (చేసే పాయింట్లు), డిఫెన్స్ అంకె (ఇచ్చే పాయింట్లు), ఆట వేగం అనే మూడు కాలమ్‌లనూ విడివిడిగా చదవమంటాను. హ్యూస్టన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. మన టీమ్ దేశంలోనే బాగా నెమ్మదిగా ఆడే టీముల్లో ఒకటి. ఇద్దరి మధ్య వంద పొసెషన్లకు 20 పాయింట్ల తేడా ఉందనుకోండి. ఆట 72 పొసెషన్లు నడిస్తే తేడా 14 పాయింట్లు దాటుతుంది. 62 నడిస్తే 12 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఎంత మంచి టీమ్ అయినా నెమ్మదిగా ఆడితే ప్రత్యర్థి అందుకోగలిగే దూరంలోనే ఉంటుంది. హ్యూస్టన్ ఆటల్లో ఆఖరి రెండు నిమిషాలు మనకు బీపీ పెంచడానికి సగం కారణం ఇదే. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నేను టీమ్‌ని చూసే తీరే మారిపోయింది.

టీమ్ పేజీలో నాకు బాగా ఉపయోగపడేది షెడ్యూల్. ప్రతి ఆట పక్కన అంచనా స్కోరు, గెలిచే శాతం ఉంటాయి. అన్ని ఆటల్లోనూ మనమే ఫేవరెట్ అని ఉన్నా, సీజన్ మొత్తం అంచనా దగ్గర ఆరేడు ఓటములు కనిపిస్తాయి. గ్రూపులో ఏటా ఎవరో ఒకరు "ఇదేంటన్నా, ఒక్కటీ ఓడిపోం అంటూనే ఏడు ఓడతాం అంటున్నాడు" అని అడుగుతారు. తప్పేమీ లేదు. 31 ఆటలుండి, ప్రతి దాంట్లోనూ గెలిచే అవకాశం 80 శాతం అయితే, సగటున గెలిచేవి పాతికే. మొత్తం 31 గెలిచే అవకాశం వెయ్యిలో ఒక వంతు. ఇది అర్థమైతే నవంబరులో ఒక ఓటమికి కోచ్‌ని మార్చాలని ఎవరూ అనరు.

దీనికి నిరుడే మంచి ఉదాహరణ చూశాం. 2024-25లో మనవాళ్లు ఆబర్న్‌తో 74-69, లాస్ వేగాస్‌లో అలబామాతో ఓవర్‌టైమ్‌లో 85-80, శాన్ డియేగో స్టేట్‌తో మళ్లీ ఓవర్‌టైమ్‌లో 73-70 తేడాతో ఓడి, 4-3తో సీజన్ మొదలుపెట్టారు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకులకు ఓటేసే విలేకరులు టీమ్‌ని పదో స్థానం కిందికి దించేశారు. గ్రూపంతా నీరసం. కెన్‌పామ్ మాత్రం టీమ్‌ని పైవరుసలోనే ఉంచింది. ఓడిన ప్రత్యర్థులు బలమైనవాళ్లు, తేడాలు చిన్నవి. డిఫెన్స్ అంకె ఎక్కడా చెదరలేదు. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. ఫిబ్రవరిలో టెక్సస్ టెక్‌తో ఓవర్‌టైమ్‌లో ఒక్క పాయింటుతో ఓడటం తప్ప ఏప్రిల్ 7 దాకా ఇంకో ఓటమి లేదు. మన లీగ్ బిగ్ 12లో 19-1. ఫైనల్ ఫోర్‌లో, అంటే జాతీయ (ఎన్‌సీఏఏ) టోర్నమెంట్ సెమీఫైనల్లో, డ్యూక్ మీద 14 పాయింట్లు వెనకబడి 70-67తో గెలిచారు. ఫైనల్లో ఫ్లోరిడాతో 65-63తో ఓడారు. ఆఖరికి 35-5. ఆ అయిదు ఓటముల తేడా అంతా కలిపితే 16 పాయింట్లు. నెమ్మదిగా ఆడే మంచి టీమ్ ఎలా ఓడుతుందో ఇంతకన్నా బాగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

ఆ ఫైనల్ ఆఖరి పొసెషన్ గురించి ఒక మాట. ఇమాన్యుయెల్ షార్ప్ మూడు పాయింట్ల షాట్‌కి లేచాడు. వాల్టర్ క్లేటన్ ఎదురుగా దూసుకొచ్చాడు. షార్ప్ గాల్లోనే షాట్ ఆపేసి బంతిని కింద వదిలేశాడు. తను మళ్లీ ముట్టుకుంటే ట్రావెలింగ్ అనే తప్పు, బంతి అవతలివాళ్లకు పోతుంది. బంతి నేల మీద పడి ఎగురుతుంటే పక్కనే నిలబడి చూడటం తప్ప ఏమీ చేయలేకపోయాడు. టైమ్ అయిపోయింది. రెండో సగంలో 12 పాయింట్ల ఆధిక్యం ఉన్న ఆట అది. ఏ మోడలూ దాన్ని ముందే పట్టుకోలేదు, పట్టుకోవాలని కూడా నేను ఆశించను.

ఓటర్ల ర్యాంకులతో పోల్చితే కెన్‌పామ్ ఎందుకు మేలో కూడా చెప్పాలి. ఏపీ ప్రీసీజన్ ఓటింగ్‌లో పేరు, నిరుటి జ్ఞాపకం బాగా పనిచేస్తాయి. 2022-23లో నంబర్ వన్‌గా మొదలైన నార్త్ కరోలినా అసలు టోర్నమెంట్‌కే రాలేదు. 1985లో 64 టీములు చేసిన తర్వాత ప్రీసీజన్ నంబర్ వన్‌కి అలా జరగడం అదే మొదటిసారి. తర్వాతి రెండేళ్లూ కాన్సాస్ నంబర్ వన్‌గా మొదలైంది. 2024-25లో మొదటి రౌండులోనే అర్కాన్సా చేతిలో ఓడింది. ఆ ఏడు ఛాంపియన్ అయిన ఫ్లోరిడా ఏపీలో 21వ స్థానంలో మొదలైంది. ఈసారి ఏపీలో పర్‌డ్యూ మొదటి స్థానం, మనం రెండు, ఫ్లోరిడా మూడు. రెండో స్థానం అని సంబరపడేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవాలి.

ఇక కెన్‌పామ్ ప్రీసీజన్ అంకెలు ఎక్కడ ఆగిపోతాయో చూద్దాం. గత సీజన్ల ప్రదర్శన, తిరిగొస్తున్న ఆటగాళ్లు, కొత్తగా వస్తున్నవాళ్లు, వీటిమీద అవి నిలబడతాయి. సీజన్ సాగేకొద్దీ ఆ బరువు తగ్గుతూ పోయి ఆడిన ఆటల బరువు పెరుగుతుంది. గాయాలను లెక్కలోకి తీసుకోవు. 2024 మార్చిలో డల్లాస్‌లో డ్యూక్‌తో ఆట మొదటి సగంలోనే జమాల్ షెడ్ చీలమండ మడతపడింది. బిగ్ 12 ప్లేయర్ ఆఫ్ ద ఇయర్ బెంచ్ మీద కూర్చోవాల్సి వచ్చాక 54-51తో ఓడాం. గార్డు (బంతిని నడిపించే ఆటగాడు) మీద అంతగా ఆధారపడే టీమ్‌కి ఒక చీలమండ చాలు. మరోవైపు 2021-22లో డిసెంబరులోనే మార్కస్ సాసర్, ట్రామన్ మార్క్ ఇద్దరూ సీజన్‌కి దూరమైనా టీమ్ ఎలీట్ ఎయిట్‌కి, అంటే టోర్నమెంట్‌లో చివరి ఎనిమిదిలోకి వెళ్లింది. రెండూ కలిపి చూస్తే నాకు తట్టేది ఇది: మన కోచ్ కెల్విన్ శాంప్సన్ డిఫెన్స్ మనుషులు మారినా నిలబడుతుంది, అఫెన్స్ మాత్రం గార్డు చేతిలో ఉంటుంది. అందుకే ప్రీసీజన్ డిఫెన్స్ అంకెను కళ్లు మూసుకుని నమ్ముతాను. అఫెన్స్ అంకె దగ్గర ఆగి ఆలోచిస్తాను.

డిఫెన్స్ ఎందుకు నిలబడుతుందో సైట్‌లో కనపడదు, ప్రాక్టీసులో ఉంది. శాంప్సన్ రిమ్ (బాస్కెట్ రింగు) మీద బుడగలాంటి ప్లాస్టిక్ మూత బిగించి ఆడిస్తాడు. బంతి లోపలికి పోయే దారే ఉండదు, ప్రతి షాటూ మిస్సే. ఇక మిగిలేది రీబౌండ్ కోసం, అంటే మిస్సయిన బంతిని అందుకోవడం కోసం కొట్టుకోవడం. నేల మీద దొర్లే బంతి కోసం దూకడం కూడా రోజూ చేసే డ్రిల్లే. 2014లో ఆయన వచ్చేనాటికి 1992 తర్వాత ఈ టీమ్ ఒక్కసారే, 2010లో, ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కి వెళ్లింది. ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ లాంటి ఎన్‌బీఏ దిగ్గజాలు ఆడిన కాలేజీకి ఆ గతి పట్టింది. ఈ నెలలోనే శాంప్సన్‌కి 70 ఏళ్లు నిండాయి. ఇన్నేళ్లలో పద్ధతి మారలేదు కాబట్టే డిఫెన్స్ అంకె ఏటేటా దాదాపు అక్కడే ఉంటోంది.

ఇప్పుడు ఈ ఏడాది టీమ్. మిలోస్ ఉజాన్, షార్ప్, జోసెఫ్ టగ్లర్ తిరిగొచ్చారు. ఉజాన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీముల ఎంపికకి) పేరిచ్చి వెనక్కి తీసుకోవడమే మనకు ఈ వేసవిలో దక్కిన పెద్ద వార్త. నిరుటి టోర్నమెంట్‌లో పర్‌డ్యూ మీద ఆఖరి సెకనులో టగ్లర్ అందించిన బంతిని వేసి 62-60తో గెలిపించింది ఉజానే. ఎల్.జె. క్రయర్, జెవాన్ రాబర్ట్స్ చదువు ముగించుకుని వెళ్లిపోయారు. నిరుడు ముగ్గురు గార్డులూ మూడు పాయింట్ల షాట్లు 40 శాతం పైనే వేశారు. అలాంటి ఏడు వరుసగా రెండుసార్లు రావడం కష్టం, పైగా ముగ్గురిలో ఒకరు లేరు. రాబర్ట్స్ లేని లోటు ఇంకా పెద్దదని నా అభిప్రాయం. పోస్ట్‌లో (బాస్కెట్ దగ్గర) బంతి పడగానే ఇద్దరు వెళ్లి మూసేయడం, ప్రత్యర్థి స్క్రీన్ (అడ్డుగా నిలబడటం) పెట్టినచోట బంతి ఉన్నవాడిని ఇద్దరు చుట్టుముట్టి ట్రాప్ చేయడం, వెంటనే వెనక్కి తిరిగి ఖాళీ పూడ్చడం, ఇవన్నీ ఏళ్లపాటు చేసి ఒంటబట్టించుకున్న మనిషి.

ఆ స్థానంలోకి వస్తున్నది ఫ్రెష్‌మన్లు, అంటే కాలేజీలో మొదటి ఏడాది కుర్రాళ్లు. క్రిస్ సెనాక్ జూనియర్, కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్, ఐజయా హార్వెల్ ముగ్గురూ దేశంలో అన్ని పెద్ద కాలేజీలూ వెంటపడ్డ కుర్రాళ్లు. శాంప్సన్ ఇన్నాళ్లూ ఎక్కువగా నాలుగైదేళ్లు నలిగిన ఆటగాళ్లతోనే గెలిచాడు, ఇంతమంది పేరున్న కొత్తవాళ్లతో ఎప్పుడూ సీజన్ మొదలుపెట్టలేదు. అందుకే ఈసారి ప్రీసీజన్ అంకెలో ఊహ పాలు మామూలుకన్నా ఎక్కువ. వీళ్లు కాలేజీలో ఒక్క పొసెషన్ కూడా ఆడలేదు. శామ్ హ్యూస్టన్ స్టేట్ నుంచి వచ్చిన కలీఫా సాఖో అనుభవజ్ఞుడే కానీ, ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వచ్చినవాళ్ల పాత అంకెలు కొత్త పద్ధతిలో అలాగే ఉంటాయన్న గ్యారంటీ లేదు. పోర్టల్ వచ్చాక ప్రతి టీమ్‌కీ ఈ ఇబ్బంది ఉంది. మనకు ముగ్గురు పాతకాపులుండటం అందుకే గొప్ప బలం.

నా లెక్కలో మనం బిగ్ 12 గెలిచే టీమే. అయితే నిరుటిలా 19-1 మాత్రం ఊహించకండి. డిబాన్సాతో బీవైయూ, పీటర్సన్‌తో కాన్సాస్, టాపిన్ ఉన్న టెక్సస్ టెక్, అరిజోనా, అందరూ గట్టిగానే ఉన్నారు.

చందా ఎవరికి? సీజన్ మొత్తం చూసేవాళ్లకి తప్పకుండా. మార్చిలో బ్రాకెట్ (టోర్నమెంట్‌లో ఎవరు గెలుస్తారో ఊహించి నింపే పట్టిక) నింపడానికి మాత్రమే అయితే మొదటి పేజీ చాలు, డబ్బు దండగ. ఇలాంటి లెక్కలే ఇచ్చే బార్ట్ టోర్విక్ సైట్ ఉచితం, తేదీల మధ్య వడపోసి చూసుకోవడం అందులో ఇంకా తేలిక. జనవరి తర్వాత నేను రెండూ పక్కపక్కన తెరుస్తాను. సీజన్‌కి ముందు మాత్రం కెన్‌పామే. ఒక పేరున్న స్పోర్ట్స్ సైట్‌కి కూడా కొన్నాళ్లు డబ్బు కట్టాను. వాళ్ల ప్రివ్యూల్లో ప్రతి టీమూ ఈసారి "లోతైన టీమే", ప్రతి కోచ్‌కీ కుర్రాళ్లు నచ్చేశారు. మానేశాను.

కొత్తగా తీసుకునేవాళ్లు ఇప్పుడే, నవంబరు 3కి ముందే తీసుకుని, టీమ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆటలు మొదలయ్యాక ఆ అంకెలు మారిపోతాయి, పోల్చుకోవడానికి పాతది చేతిలో ఉండాలి. మన సొంత మైదానం ఫర్టీటా సెంటర్‌లో లీహైతో మొదటి ఆట ఏమీ చెప్పదు. 16న బర్మింగ్‌హామ్‌లో ఆబర్న్, థ్యాంక్స్‌గివింగ్ వారంలో లాస్ వేగాస్ ఆటలు చెప్తాయి. నేను చూసేవి రెండే: ఫ్లెమింగ్స్ బంతి పట్టుకున్నప్పుడు టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడాలు) ఎన్ని, రాబర్ట్స్ లేకుండా డిఫెన్స్ అంకె దేశంలో మొదటి అయిదులో ఉందా లేదా. రెండూ సరిగా ఉంటే ఫైనల్ ఫోర్ జరిగే ఏప్రిల్ 4కి ఇండియానాపోలిస్ ఫ్లైట్ టికెట్లు డిసెంబరులోనే వెతకడం మొదలుపెడతాను. ఫైనల్ ఫోర్‌కి ముందుండే సౌత్ రీజినల్ ఆటలు ఎలాగూ ఈసారి మన హ్యూస్టన్ టొయోటా సెంటర్‌లోనే.