సీడ్ ఫండ్ క్యాలెండర్ వేరు, బడి క్యాలెండర్ వేరు

హనుమకొండలో కూర్చుని పిల్లల చదువుకు యాప్ చేస్తున్నామంటే అందరూ అడిగేది ఒకటే: "సబ్సిడీ ఎంత వస్తది?" కొత్త కంపెనీలకు తొలి పెట్టుబడి సాయం ఇచ్చే కేంద్ర పథకం, స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ స్కీమ్ కింద మాకు గ్రాంట్ వచ్చిందని తెలిశాక ఈ ఫోన్లు ఇంకా ఎక్కువయ్యాయి. అందుకే వివరంగా రాస్తున్నాను. ఈ స్కీముకు నా మార్కులు ఐదుకు మూడున్నర.

మా యాప్ చేసే పని చిన్నదే. రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు తెలుగు పాఠం పైకి చదువుతుంటే ట్యాబ్ వింటుంది. ఎక్కడ ఒత్తు మింగేశారో, ఎక్కడ దీర్ఘం పోయిందో టీచరుకు చూపిస్తుంది. నేను తెలుగు టీచరుగా పనిచేసినదాన్ని. కోడ్ రాసేది మా మరిది.

ముందు డబ్బు సంగతి. 2021 ఏప్రిల్ 1న మొదలైన ఈ స్కీముకు కేంద్రం 945 కోట్లు పెట్టింది. ఆ డబ్బు ఢిల్లీ నుంచి నేరుగా మన ఖాతాలో పడదు. ఎంపికైన ఇన్‌క్యుబేటర్లకు, అంటే కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థలకు వెళ్తుంది, వాళ్లు కంపెనీలను ఎంచుకుని ఇస్తారు. ప్రోటోటైప్ (తొలి నమూనా), ట్రయల్స్ దశలో ఉన్నవాళ్లకు 20 లక్షల దాకా గ్రాంట్ ఉంటుంది, తిరిగి కట్టే పని లేదు. అమ్మకాలు మొదలుపెట్టే దశలో 50 లక్షల దాకా ఇస్తారు కానీ అది అప్పు, లేదా కన్వర్టబుల్ డిబెంచర్లు (తర్వాత కంపెనీ వాటాగా మార్చుకోగల అప్పుపత్రాలు). రెండూ కలిపి "70 లక్షల గ్రాంట్ ఇప్పిస్తాం, మాకింత పర్సెంట్" అనేవాళ్లు తగిలితే ఫోన్ పెట్టేయండి. అప్లికేషన్‌కు ఒక్క రూపాయి ఫీజు లేదు.

అర్హతల్లో ఎక్కువమంది తడబడేది కంపెనీ వయసు దగ్గర. దరఖాస్తు చేసే రోజుకు కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. మన దగ్గర ఉత్సాహం కొద్దీ ముందు కంపెనీ రిజిస్టర్ చేయించి, బోర్డు పెట్టి, ఆ తర్వాత ప్రొడక్ట్ గురించి ఆలోచిస్తారు. అప్పటికి ఏడాదిన్నర గడిచిపోయి ఉంటుంది. ట్యూషన్ సెంటర్ నడిపేవాళ్లు చాలామంది సొంత పేరు మీద ప్రొప్రైటర్‌షిప్‌గా ఉంటారు, అదీ కుదరదు. ప్రైవేట్ లిమిటెడ్, ఎల్ఎల్‌పీ, రిజిస్టర్డ్ పార్ట్‌నర్‌షిప్‌లలో ఏదో ఒకటి అయి ఉండి, కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ డీపీఐఐటీ నుంచి స్టార్టప్‌గా గుర్తింపు తెచ్చుకోవాలి.

ఒకేసారి మూడు ఇన్‌క్యుబేటర్లకు ప్రాధాన్యం వరుసలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాళ్ల బిల్డింగ్‌లోనే కూర్చుని పనిచేయాలన్న నియమం లేకపోవడం మాలాంటి వాళ్లకు పెద్ద వరం. సంసారం, పిల్లలు అన్నీ ఇక్కడ పెట్టుకుని హైదరాబాద్‌లో అద్దె కట్టగలమా?

ఎంపిక కమిటీ ఇంటర్వ్యూ నేను అనుకున్నదానికంటే బాగా జరిగింది. పరిశ్రమ నుంచి, కాలేజీల నుంచి, పెట్టుబడి పెట్టేవాళ్ల నుంచి మనుషులుంటారు. ఒకాయన "తెలుగెందుకు, ఇంగ్లిష్ రీడింగ్ చేయొచ్చు కదా, మార్కెట్ పెద్దది" అన్నారు. ఈ ప్రశ్న వస్తుందని ఇంటి నుంచే జవాబు తయారు చేసుకుని వెళ్లాను. ఇంకొకావిడ మాత్రం "క్లాసులో ఫ్యాన్ చప్పుడు, పక్క క్లాసు ఎక్కాలు, వీటి మధ్య మైకు వింటుందా?" అని అడిగారు. గ్రాంట్ రాకపోయినా ఆ ప్రశ్న కోసం వెళ్లొచ్చు. మా ట్రయల్ ప్లాన్ అంతా దాని చుట్టూ మళ్లీ రాసుకున్నాం.

ఇక మార్కులు తగ్గించింది ఎక్కడంటే, వాయిదాల దగ్గర. డబ్బు ఒకేసారి రాదు. ఏ పని ఎప్పటికి అవుతుందో మైలురాళ్లుగా రాసుకోవాలి, ఒక్కొక్కటి పూర్తయ్యాక ఖర్చుల యూసీ (డబ్బు దేనికి వాడామో చూపే ధ్రువపత్రం) ఇస్తే తర్వాతి వాయిదా. ప్రభుత్వ సొమ్ముకు లెక్క అడగడంలో తప్పేం లేదు. కానీ బడికి తనదైన ఏడాది ఉంటుంది. మా మొదటి వాయిదా ఫిబ్రవరి చివర్లో పడింది. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు, ఆ వెనకే పరీక్షలు, ఏప్రిల్ చివర్లో సెలవులు. తెలంగాణలో బడి తలుపు మళ్లీ తెరిచేది జూన్ 12న. ఆ తర్వాత కూడా పుస్తకాలు, అడ్మిషన్ల హడావుడి తగ్గేదాకా ఏ హెడ్మాస్టరూ మనల్ని క్లాసులోకి రానివ్వరు. "ట్యూషన్ పిల్లలతో ట్రయల్ చేసేయండి మేడమ్" అన్నాడు ఇన్‌క్యుబేటర్ మేనేజర్. మంచి కుర్రాడే, ఆ సంస్థ పేరు రాయను. నలుగురు పిల్లలున్న నిశ్శబ్దమైన గదిలో మైకు బాగానే వింటుంది బాబూ, మా కష్టమంతా నలభైమంది ఉన్న గదితోనే అని చెప్పాల్సి వచ్చింది.

ఇంకొకటి, ఖర్చుల పట్టిక. సాఫ్ట్‌వేర్, సర్వర్, జీతాలు అంటే ఎవరూ కాదనరు. మాకు ఎక్కువ ఖర్చయింది పిల్లల గొంతుల రికార్డింగులు విని తప్పులు గుర్తించిన రిటైర్డ్ టీచర్ల మీద. వరంగల్ పిల్ల చదివే తీరు వేరు, శ్రీకాకుళం పిల్లవాడు చదివే తీరు వేరు. యాసను తప్పుగా పట్టుకోకూడదంటే మనిషి చెవి కావాలి. ఈ ఖర్చును ఏ పద్దులో వేయాలో తేల్చడానికి మా సీఏకు, ఇన్‌క్యుబేటర్‌కు మధ్య చాలా మెయిళ్లు నడిచాయి. చివరికి ప్రొడక్ట్ ట్రయల్స్ కింద ఒప్పుకున్నారు. ఆఫీసు గదికి, ఫర్నిచర్‌కు వాడదామనుకుంటే మాత్రం కుదరదు. సౌకర్యాలు కట్టుకోవడానికి ఈ డబ్బు వాడకూడదని రూల్స్‌లోనే ఉంది.

వేరే దారులూ చూడండి. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ వాళ్ల టైడ్ 2.0 పథకంలో విద్య ఒక రంగంగా ఉంది, గ్రాంట్ 7 లక్షల దాకా ఇస్తారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వాళ్ల నిధి ప్రయాస్ పథకంలో 10 లక్షల దాకా ఉంది కానీ అది చేత్తో పట్టుకునే వస్తువులకే, ఉత్త యాప్‌కు రాదు. ఇతర ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి అందుకుంటే సీడ్ ఫండ్‌కు అర్హత పోతుంది, కాబట్టి ఏది ముందు తీసుకోవాలో లెక్క వేసుకోండి. దరఖాస్తుకు ముందు సీడ్ ఫండ్ పోర్టల్‌లో ఏ ఇన్‌క్యుబేటర్ అప్లికేషన్లు తీసుకుంటోందో చూసుకోండి. బడి పిల్లల కోసం చేసేవాళ్లయితే ట్రయల్ మైలురాయిని జూలైకి, దసరా సెలవులకు మధ్య పెట్టండి. కోడింగ్, రికార్డింగుల పని వేసవికి రాసుకోండి. మా రెండో వాయిదా కాగితాల్లో ఇలాగే మార్పించాం, ఎవరూ అడ్డు చెప్పలేదు.