ముప్పై డాలర్ల కార్బరేటర్ కిట్: డబ్బాలో పనికొచ్చేది కార్బరేటర్ కాదు

రేటింగ్: 5కి 3. ఆ మూడు చుక్కలూ పైపుకి, ఫిల్టర్‌కి, షటాఫ్ వాల్వ్‌కి (పెట్రోల్ కట్టేసే కుళాయి).

రైడింగ్ మోవర్లలో (కూర్చుని నడిపే గడ్డి కోత యంత్రాల్లో) తరచూ కనిపించే బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ ఇంటెక్ సింగిల్ సిలిండర్ ఇంజన్‌కి సరిపోతుందంటూ ఆన్‌లైన్‌లో 20 నుంచి 40 డాలర్లకి అమ్మే పేరూ ఊరూ లేని కిట్ల సంగతి ఇది. ఒరిజినల్ కార్బరేటర్ చాలా మోడళ్లకి వంద డాలర్లు దాటుతుంది. అందుకే అమెరికాలో అరెకరం, ఎకరం లాన్ ఉన్న మనవాళ్లు చలికాలం పోయాక మోవర్ మొరాయిస్తే ముందు దీన్నే ఆర్డర్ పెట్టేస్తారు. డబ్బాలో సోలెనాయిడ్ (ఇంజన్ ఆపగానే పెట్రోల్ దారి మూసే కరెంటు పిన్ను) బిగించిన కార్బరేటర్, గ్యాస్కెట్లు, పావు అంగుళం పైపు ముక్క, క్లాంపులు, ఫిల్టర్, షటాఫ్ వాల్వ్ ఉంటాయి. కొన్నిటిలో స్పార్క్ ప్లగ్ కూడా వేస్తారు. ఫ్యూయల్ పంప్ మాత్రం చాలావాటిలో ఉండదు. పాడైంది అదే అయితే కిట్ మొత్తం దండగే.

కాబట్టి సీల్ తీయకముందే ఒక పరీక్ష చేయండి. ఇంజన్ చల్లారాక, ఆరుబయట, ప్లగ్ వైరు తీసి రవ్వ రాకుండా ఎర్త్ చేయండి. కార్బరేటర్ దగ్గర పైపు ఊడదీసి గాజు సీసాలో పెట్టి ఐదారు సెకన్లు క్రాంక్ చేయండి (తాళం తిప్పి స్టార్టర్‌తో ఇంజన్ తిప్పండి). పంపు ఉన్న మోవర్‌లో పెట్రోల్ ఆగి ఆగి చిమ్మాలి. అలా చిమ్మితే పంపుదాకా అంతా బాగున్నట్టే. చిమ్మకపోతే కార్బరేటర్‌ని ముట్టుకోవద్దు, పంపు వైపు చూడండి. దానికి మూడు ముక్కులుంటాయి: టాంకు నుంచి ఒకటి, కార్బరేటర్‌కి ఒకటి, క్రాంక్‌కేస్ పల్స్‌కి (ఇంజన్ అడుగు పెట్టెలో పిస్టన్ కదిలినప్పుడు పుట్టే గాలి ఒత్తిడికి) ఒకటి. పల్స్ పైపు చీలితే పంపు కొట్టుకోదు. ఆ పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే లోపలి డయాఫ్రమ్ చిరిగినట్టే, పంపు మార్చాల్సిందే.

సీసాలో పట్టిన పెట్రోల్ పారబోయకండి. కాసేపు కదపకుండా ఉంచి, మెల్లగా వంచి చూడండి. అడుగున వేరుగా ఒక పొర జారుతుంటే అది నీళ్లు. ఇ10 పెట్రోల్‌లోని (పది శాతం దాకా ఇథనాల్ కలిపినది) ఇథనాల్ తేమని పీల్చి, మోతాదు మించాక ఆ నీళ్లతో కలిసి అడుక్కి దిగిపోతుంది. ఆ టాంకుకి ఎంత ఖరీదైన కార్బరేటర్ పెట్టినా ఫలితం ఉండదు. టాంకు ఖాళీ చేసి కడగడమే మార్గం.

పది ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోయే మోవర్‌ది ఇంకో కథ. ఆగిన వెంటనే టాంకు మూత వదులు చేయండి. స్‌స్‌మని గాలి లాక్కుని ఇంజన్ మళ్లీ అందుకుంటే, తప్పు మూతలోని గాలి రంధ్రానిది. ఖర్చు కొత్త మూత వరకే.

ఇక కార్బరేటర్. చోక్ వేస్తేనే నడవడం, లేదా ఇంజన్ శబ్దం ఊయల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉండడం, రెంటికీ అర్థం పెట్రోల్ తక్కువై గాలి ఎక్కువైందని. చాలాసార్లు మెయిన్ జెట్‌లో (పెట్రోల్ కొలిచి వదిలే సన్న రంధ్రంలో) కచరా, అప్పుడప్పుడూ ఇన్‌టేక్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు. ఊళ్లో బైకు కార్బరేటర్ విప్పినవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు: అదే ఫ్లోటు, అదే నీడిల్, అదే జెట్. చాలా మోడళ్లలో బౌల్‌ని (పెట్రోల్ నిలిచే కింది గిన్నెని) పట్టి ఉంచేది కింద బిగించిన సోలెనాయిడే. అది విప్పి బౌల్ దించండి. జెట్‌ని వెలుతురుకి పెట్టి చూస్తే గుండ్రటి చుక్క కనబడాలి. కనబడకపోతే కార్బ్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని సన్నటి రాగి పోగొకటి లాగి దూర్చండి. స్టీలు సూది, డ్రిల్ బిట్ వద్దు. రంధ్రం కాస్త సాగినా పెట్రోల్ కొలత మారిపోతుంది. పది డాలర్లలోపు స్ప్రేతో తేలే ఈ పనికి కొత్త కార్బరేటర్ అక్కర్లేదు.

సోలెనాయిడ్ టిక్కుమన్నంత మాత్రాన నమ్మకండి. విప్పాక, బౌల్‌కి దూరంగా, 12 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ని దాని వైరుకి, మైనస్‌ని దాని ఒంటికి తగిలించి, పిన్ను పూర్తిగా లోపలికి పోతోందా లేదా చూడండి. సగంలో ఆగితే జెట్ మూసుకునే ఉంటుంది.

కిట్‌లోని కార్బరేటర్‌తో అసలు భయం నీడిల్ (బౌల్ నిండగానే పెట్రోల్ ఆపే సూది), అది కూర్చునే సీటుతోనే. అవి సరిగ్గా కూర్చోకపోతే, టాంకు కార్బరేటర్ కన్నా ఎత్తుగా ఉన్న మోవర్లలో రాత్రంతా పెట్రోల్ కారి సిలిండర్ మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. మర్నాడు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ గుర్తుకి పైన ఉంటుంది, పల్చగా ఉంటుంది, పెట్రోల్ వాసన గుప్పుమంటుంది. ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే బేరింగులు పోతాయి. ముందు లీకు ఆపి, ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలి. కార్బరేటర్ బాడీ నిజంగా తుప్పు తినేసి ఉంటేనే కిట్‌ది వేయండి. అప్పుడు కూడా పాతదాని పక్కన పెట్టి బోల్టు రంధ్రాల దూరం, లింకేజీ రంధ్రాలు, సోలెనాయిడ్ కనెక్టర్ పోల్చి చూడాలి. పాతదాని నీడిల్ బాగుంటే దాచుకోండి, సైజు కలిస్తే కొత్తదాంట్లో వేసుకోవచ్చు.

మిగతా సామాను మెచ్చుకోదగ్గదే. పాత పైపు పైకి నిగనిగలాడుతున్నా లోపల ఇథనాల్‌కి పొట్టు రాలుతుంది, మార్చడం మంచిదే. ఫిల్టర్ మీది బాణం ఇంజన్ వైపు ఉండాలి. పంపు లేని మోవర్‌కి మరీ సన్నటి జల్లెడ ఉన్న ఫిల్టర్ వేస్తే పెట్రోల్ చాలినంత దిగదు. ప్లగ్ గ్యాప్ 0.030 అంగుళాలు. వాల్వ్‌ని టాంకుకీ ఫిల్టర్‌కీ మధ్య బిగించి, మోవర్ ఆపిన ప్రతిసారీ కట్టేయండి. పైన చెప్పిన ఆయిల్ ప్రమాదాన్ని ఆపేది అదే.

ఆర్డర్ పెట్టేటప్పుడు మోవర్ పేరు చూసి కాదు, ఇంజన్ మీద కొట్టిన మోడల్, టైప్, కోడ్ అంకెలు చూసి పెట్టండి. ఒకే రంగు మోవర్లలో రెండు రకాల కార్బరేటర్లు ఉండొచ్చు.