బ్రిడ్జ్‌స్టోన్ కేటలాగులు: సైకిళ్లు ఆగిపోయాయి, చదవడం ఆగలేదు

సైకిల్ బ్రోచర్లు ఎలా ఉంటాయో మనకు తెలిసిందే. కొండ అంచున ఒక కుర్రాడు, వెనక సూర్యాస్తమయం, కింద '21 గేర్లు, డబుల్ డిస్క్, 5.4 అడుగులు దాటినవాళ్లకి' అని మూడు ముక్కలు. ఫ్రేమ్ పొడవెంతో ఉండదు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ఎంత వంగి ఉందో ఉండదు, చిన్న చైన్‌వీల్‌కి ఎన్ని పళ్లో కూడా ఉండదు. ఇరవై వేలు పోసి కొనేవాడికి ఇచ్చే సమాచారం అంతే.

బ్రిడ్జ్‌స్టోన్ అమెరికా సైకిల్ విభాగం 1992, 1993, 1994లో వేసిన కేటలాగులు దీనికి పూర్తిగా ఎదురు దారి. టైర్ల కంపెనీగా మనకు తెలిసిన జపాన్ బ్రిడ్జ్‌స్టోనే ఇది. వీటి వెనక ఉన్న మనిషి గ్రాంట్ పీటర్సన్. యెన్ బలపడి జపాన్ సైకిళ్లు అమెరికాలో ఖరీదైపోతున్న రోజుల్లో, 1994లో, ఆ విభాగం మూతపడింది. పీటర్సన్ అదే ఏడు కాలిఫోర్నియాలో రివెండెల్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నాడు. సైకిళ్లు పోయి ముప్పయ్యేళ్లు దాటినా ఈ కేటలాగుల స్కాన్ ప్రతుల్ని సైకిల్ పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని చదువుతున్నారు. పాత వస్తువుల మీద మోజు అనుకుంటే పొరపాటు. ప్రతి నిర్ణయానికీ అంకె ఉంటుంది, అంకె పక్కన కారణం ఉంటుంది. కారణం చెప్పినవాడితోనే కదా వాదించగలం.

అసలు సరుకు కొలతల పట్టికల్లో ఉంది. కొత్తవాళ్లు బొమ్మలు చూసి పేజీ తిప్పేస్తారు, ముదిరినవాళ్లు నేరుగా ఇక్కడికే వస్తారు. సీటు గొట్టం కోణం, పై గొట్టం పొడవు, హెడ్ కోణం (హ్యాండిల్ కింద ఫోర్క్ దూరే గొట్టం వాలు) లాంటివి సైజు సైజుకీ విడిగా ఉంటాయి. వీటిలో జనం ఎక్కువగా బోల్తాపడేది సీటు కోణం దగ్గర. రెండు ఫ్రేములు తీసుకోండి. రెంటికీ పై గొట్టం 53 సెం.మీ.లే, కానీ ఒకదాని సీటు కోణం 73 డిగ్రీలు, రెండోదానిది 75. ఒకే పొడవు కదా అనిపిస్తుంది. కాదు. మీ తుంటి పెడల్ ఇరుసుకి ఎంత వెనక ఉండాలనేది మీ కాళ్లు నిర్ణయిస్తాయి, ఫ్రేమ్ కాదు. కాబట్టి 75 డిగ్రీల ఫ్రేమ్ మీద సీటుని వెనక్కి జరుపుతారు. ఇరుసు నుంచి 52 సెం.మీ. ఎత్తులో ఆ రెండు డిగ్రీల తేడా సుమారు 2 సెం.మీ. అంటే ఆ ఫ్రేమ్ మీకు 53 కాదు, 55 అయినట్టే లెక్క. చిన్న సైజు ఫ్రేమ్ కొన్నవాళ్లు 'చేతులు చాచినట్టుంది, మెడ లాగుతోంది' అంటే ముందు చూడాల్సింది ఇదే. పొట్టివాళ్ల ఫ్రేమ్‌ని కాగితం మీద పొట్టిగా చూపించడానికి సీటు కోణం నిలబెట్టేయడం చాలాచోట్ల జరిగే పనే. పట్టికలో కోణం అచ్చు వేస్తే ఆ ఎత్తుగడ దాగదు.

ట్రెయిల్ సంగతీ అంతే. హ్యాండిల్ తిరిగే గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకి కొంచెం ముందు పడుతుంది. ఆ రెంటి మధ్య దూరమే ట్రెయిల్. చక్రం వ్యాసార్ధాన్ని హెడ్ కోణం కొసైన్‌తో గుణించి, ఫోర్క్ వంపు (ఆ గీతకి చక్రం ఇరుసు ఎంత ముందుందో ఆ దూరం) తీసేసి, వచ్చినదాన్ని అదే కోణం సైన్‌తో భాగించాలి. వ్యాసార్ధం 340 మి.మీ., కోణం 73, వంపు 45 మి.మీ. అయితే ట్రెయిల్ 57 మి.మీ. వస్తుంది. కోణం 72కి తగ్గించి వంపు మార్చకపోతే 63 అవుతుంది. ఒక్క డిగ్రీకి ఆరు మిల్లీమీటర్లు! ఎక్కువ ట్రెయిల్ ఉన్న సైకిల్ దిగుడులో తిన్నగా పోతుంది. కానీ ముందు బుట్టలో అయిదు కిలోల బియ్యం పెట్టి నెమ్మదిగా తొక్కి చూడండి, హ్యాండిల్ అటో ఇటో వాలుతూనే ఉంటుంది. ముందు బరువు వేసుకునేవాళ్లకు తక్కువ ట్రెయిలే హాయి. హెడ్ కోణం, ఫోర్క్ వంపు రెండూ చేతిలో ఉంటే సైకిల్ ఎక్కకుండానే ఇంత తెలుస్తుంది.

ఇక ఉక్కు గొట్టాలు, లగ్గులు. ఈ కేటలాగుల గుండె ఇదే, పేచీ కూడా ఇక్కడే. మంచి గొట్టం గోడ కొసల్లో మందంగా, మధ్యలో పల్చగా ఉంటుంది: కొసల్లో 0.9 మి.మీ., మధ్యలో 0.6 అన్నమాట. అతుకు పడేది కొసల్లోనే కాబట్టి బలం అక్కడే కావాలి. 28.6 మి.మీ. వ్యాసం ఉన్న గొట్టంలో మధ్య 35 సెం.మీ. మేర అలా పల్చన చేస్తే తగ్గే బరువు సుమారు 70 గ్రాములు. ఇంతేనా అంటే ఇంతే. బిగువు విషయంలోనూ ఒక అపోహ ఉంది. ఏ రకం ఉక్కైనా సాగే, వంగే గుణం దాదాపు ఒకటే. ఖరీదైన మిశ్రమం ఎక్కువ దెబ్బకి ఓర్చుకుంటుంది తప్ప తక్కువ వంగదు. ఆ ఓర్పు ఉంది కాబట్టే గోడ పల్చన చేయగలిగారు, పల్చన చేస్తే ఇంకా ఎక్కువే వంగుతుంది. 'మా స్టీలు గట్టిది, అందుకే బిగువు' అనే అమ్మకందారు మాటని ఇక్కడ ఆపేయొచ్చు.

లగ్గు అంటే గొట్టాలు దూరే తొడుగు. సందులోకి ఇత్తడో వెండి మిశ్రమమో కరిగించి పారిస్తారు. వెండికి 700 డిగ్రీల లోపు, ఇత్తడికి 900 దరిదాపుల్లో వేడి చాలు. గొట్టం తాను కరగదు. లగ్గు లేకుండా గొట్టాల్ని నేరుగా అతికే టిగ్ వెల్డింగులో గొట్టం అంచే కరగాలి, అంటే 1500 దాకా వెళ్లాలి. లగ్గు ఫ్రేములో ఒక గొట్టం సొట్టపోతే వేడిచేసి ఊడదీసి కొత్తది వేసే వీలుంది. లగ్గుల వైపు వాదన ఇంతవరకూ నిజం. కానీ పీటర్సన్ దీన్ని దాదాపు మతంలా చెబుతాడు. వెల్డింగు వేడికి తట్టుకునే, కొన్నయితే ఆ వేడితో ఇంకా గట్టిపడే ఉక్కు మిశ్రమాలు ఉన్నాయి. సరిగ్గా చేసిన టిగ్ అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది, ఖర్చూ తక్కువ. క్లిక్కులు లేని ఫ్రిక్షన్ గేరు లీవర్ల మీద ఆయనకున్న ప్రేమా ఇలాంటిదే. తీగ కొంచెం సాగినా గేరు తప్పదు అన్నది నిజమే, రద్దీలో ఒంటిచేత్తో గేరు మార్చేవాడికి క్లిక్కు ఉంటేనే సుఖం అన్నదీ నిజమే. ఇది అమ్మడానికి రాసిన కాగితమని చదివేటప్పుడు మర్చిపోకూడదు.

ఈ కేటలాగుల్లోని ఎక్స్ఓ-1 అనే సైకిల్ గురించి ఒక్క మాట. కొండ సైకిళ్ల 26 అంగుళాల చక్రాలకి రోడ్డు సైకిల్ ఒళ్లు తగిలించి, మీసం ఆకారపు హ్యాండిల్ పెట్టారు. అప్పట్లో ఇదేం సైకిలని ముక్కున వేలేసుకున్నారు. ఇవాళ వాడినవి కూడా మంచి ధర పలుకుతున్నాయి.

స్కాన్ ప్రతులతో ఒక చిక్కుంది. సన్న అచ్చులో 1 ఏదో 4 ఏదో, 6 ఏదో 8 ఏదో తెలియదు. అనుమానం వస్తే పక్క సైజుల అంకెలు చూడండి. సైజు పెరిగేకొద్దీ సీటు కోణం మెల్లగా తగ్గుతూ వస్తుంది, మధ్యలో ఒక్కటే ఎగిరిపడితే అది అచ్చు మసకే. ఫ్రేమ్ సైజు ఇరుసు మధ్య నుంచి పై గొట్టం మధ్యకా, పైఅంచుకా అన్నదీ చూసుకోవాలి. తేడా ఒకటి నుంచి రెండు సెం.మీ. ఉంటుంది.

ఈ పద్ధతిలో మన ఇంట్లో ఉన్న సైకిల్‌కి కూడా పట్టిక తయారుచేసుకోవచ్చు, అరగంట పని. సమతలమైన నేల మీద నిలబెట్టి, ఫోనులో కోణం చూపించే యాప్ పెట్టి, ఫోను అంచుని సీటు గొట్టానికి, తర్వాత హెడ్ గొట్టానికి ఆనించండి. నేల వాలుగా ఉంటే ఆ వాలుని కూడా కొలిచి సరిచేయండి. గేరు లెక్కకి పళ్లు లెక్కపెట్టాలి. మామూలు పాలసైకిల్‌కి ముందు 44, వెనక 18 ఉంటే, 44ని 18తో భాగించి చక్రం వ్యాసం 28 అంగుళాలతో గుణిస్తే 68 వస్తుంది. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ దాదాపు 5.5 మీటర్లు పోతుంది. చదును రోడ్డుకి బాగానే ఉంటుంది. సింహాచలం ఘాటు ఎక్కాలంటే మాత్రం ఇందులో సగం కంటే తక్కువ కావాలి.

సీటు రాడ్డు వ్యాసం వెర్నియర్‌తో కొలవండి, టేపుతో కాదు. 27.2 పట్టే ఫ్రేములో 27.0 రాడ్డు దూర్చి బోల్టు బిగిస్తే బిగింపు చెవులు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోతాయి, అయినా సీటు దిగజారుతూనే ఉంటుంది. ఇంకా బిగిస్తే చెవి విరుగుతుంది.

టైరు దగ్గర అంగుళాలని నమ్మకండి. పాలసైకిల్ 28 అంగుళాల రిమ్ము 635 మి.మీ., 700సి రిమ్ము 622. రెంటినీ 28 అనే పిలుస్తారు, ఒకదాని టైరు రెండోదానికి పట్టదు. 26 అంగుళాల్లోనూ 559, 590 లాంటి వేర్వేరు కొలతలున్నాయి. టైరు పక్కన 37-622 లాంటి జంట అంకె అచ్చువేసి ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము. షాపుకి వెళ్లేముందు ఆ రెండో అంకె కాగితం మీద రాసుకుని వెళ్లండి.