బారో, లెండ్: అప్పు ఎటు వెళ్తోంది?

తెలుగులో తీసుకున్నా అప్పే, ఇచ్చినా అప్పే. ఎటు వెళ్తోందో పక్కనున్న క్రియ చెబుతుంది. ఇంగ్లీషులో ఆ దిశ మాటలోనే ఉంటుంది, మన పిల్లలు తడబడేది అక్కడే.

పక్కింట్లో గ్లాసుడు పంచదార బదులు తెచ్చుకుంటే మీరు చేసింది బారో, వాళ్లు చేసింది లెండ్. బారో అన్నాక ఎవరి దగ్గరో చెప్పాలంటే ఫ్రమ్ వాడాలి. పెన్ను కావాలంటే ‘కెన్ ఐ బారో యువర్ పెన్’ అనండి, లేదా ‘కెన్ యూ లెండ్ మీ యువర్ పెన్’. ‘కెన్ యూ బారో మీ’ మాత్రం తప్పు. నేనైతే పిల్లలకు ముందు బారో నేర్పుతాను, క్లాసులో అడగాల్సిన అవసరమే ఎక్కువ కదా.

లెండ్‌కు భూతకాలం లెంట్. లెండెడ్ అని రాసి మార్కు పోగొట్టుకుంటే నిజంగా బాధేస్తుంది.